బెట్టా చేపకు నీళ్ల వేడి ఎంత ఉండాలి? మా చేప పది రోజులుగా అడుగునే పడుకుంటోంది

నీటిచుక్క | సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఇప్పుడు టెన్షన్‌గా ఉండి రాస్తున్నాను.

నా దగ్గర నీలం రంగు మగ బెట్టా ఉంది. తెచ్చుకుని ఐదు నెలలైంది. 20 లీటర్ల తొట్టి, స్పాంజ్ ఫిల్టర్, రెండు మూడు మొక్కలు ఉన్నాయి. హీటర్ లేదు. మొన్నటిదాకా చాలా హుషారుగా ఉండేవాడు, నేను గదిలోకి వస్తే చాలు అద్దం దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాడు. పది రోజులుగా ఫిల్టర్ పక్కన అడుగునే పడుకుంటున్నాడు. గాలి పీల్చుకోవడానికి పైకి వస్తాడు, మళ్లీ కిందికి వెళ్లిపోతాడు. నాలుగు గింజలు వేస్తే ఒకటో రెండో తిని వదిలేస్తున్నాడు. రంగు వెలిసినట్టు ఉంది, పొట్ట కొంచెం ఉబ్బింది.

చేప వ్యర్థాల వల్ల నీళ్లలో చేరే విషాలు, అమోనియా, నైట్రైట్, టెస్టులో రెండూ సున్నా చూపించాయి. అద్దానికి అంటించిన థర్మామీటర్ పట్టీ 26 చూపిస్తోంది. అది సరైనదే కదా? మరి ఇంకేమై ఉంటుంది? ఆదివారం కూడా ఎప్పటిలాగే పావు వంతు నీళ్లు మార్చాను.

పాతకాపు | సోమవారం, రాత్రి 9:42

నీటిచుక్క గారూ, రెండు విషయాలు చెప్పండి. ఆ పట్టీ తొట్టికి ఏ వైపున అంటించారు? దాని దగ్గర లైటు గానీ, టీవీ గానీ, కిటికీ ఎండ గానీ ఉందా?

బయట అంటించే పట్టీ నీళ్ల వేడిని నేరుగా కొలవదు. అద్దం మీది వేడిని చూపిస్తుంది, అందులో సగం గది గాలి ప్రభావమే ఉంటుంది. చల్లటి గదిలో తక్కువగానూ, పక్కన వేడి వస్తువు ఉంటే ఎక్కువగానూ చూపిస్తుంది. నీళ్లలో మునిగి ఉండే గాజు థర్మామీటర్ ఒకటి తెచ్చి, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడండి. తెల్లవారుజామున చూసే అంకెను అస్సలు వదలకండి, రోజులో నీళ్లు అన్నిటికంటే చల్లగా ఉండేది అప్పుడే.

లోపల ఎర్రటి ద్రవం ఉన్నది తీసుకోండి, అది స్పిరిట్. పాదరసం ఉన్నది మాత్రం తొట్టిలో పెట్టకండి, పగిలితే చేపకూ మీకూ ప్రమాదమే.

గాజుగోడ | సోమవారం, రాత్రి 10:05

చేయి పెట్టి చూస్తే తెలియదా అండి? నేను వేలు ముంచి చూస్తాను, గోరువెచ్చగా ఉంటే సరే అనుకుంటాను.

పాతకాపు | సోమవారం, రాత్రి 10:20

తెలియదు. మన చర్మం 32, 33 డిగ్రీల దగ్గర ఉంటుంది. 26 డిగ్రీల నీళ్లు మన వేలికి చల్లగానే తగులుతాయి. వేలికి గోరువెచ్చగా అనిపించాయంటే అవి బెట్టాకు ఎక్కువ వేడి అయ్యే అవకాశమే ఉంది. అదీగాక చలిలో నడిచొచ్చి వేలు పెడితే ఒకలా ఉంటుంది, వేడి గిన్నె పట్టుకున్నాక పెడితే ఇంకోలా ఉంటుంది. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ కూడా పనికిరాదు, చాలావాటిలో 32 కంటే తక్కువ ఉంటే అంకెలే రావు.

నీటిచుక్క | బుధవారం, ఉదయం 7:15

పాతకాపు గారూ, మీరు అడిగిన ప్రశ్నలోనే సమాధానం దొరికింది. పట్టీ పక్కనే నా టేబుల్ ల్యాంప్ ఉంది. రాత్రిళ్లు చదువుకుంటూ ఆ వెలుతురులోనే పట్టీ చూస్తున్నాను.

నిన్న గాజు థర్మామీటర్ తెచ్చి లోపల వేలాడదీశాను. నిన్న మధ్యాహ్నం 23. ఈరోజు పొద్దున ఆరింటికి 20 కంటే కొంచెం తక్కువ. రెండుసార్లు తీసి మళ్లీ పెట్టి చూశాను, అదే అంకె. పట్టీ మాత్రం ల్యాంప్ వేస్తే 26, ఆపి గంట ఆగితే 21 చూపించింది.

ఇన్ని రోజులు వాడు చలికి ముడుచుకుని పడుకుంటే నేను నీళ్లలో ఏదో జబ్బు ఉందని వెతికాను. చాలా బాధగా ఉంది. ఇప్పుడు వేడి నీళ్లు కలపనా? ఎంత కలపాలి?

పాతకాపు | బుధవారం, ఉదయం 7:50

వేడి నీళ్లు పోయకండి. ముందు అది.

వాడు చచ్చిపోయే స్థితిలో లేడు, నెమ్మదించాడంతే. చేప శరీరానికి సొంత వేడి ఉండదు, నీళ్లు ఎంత ఉంటే ఒళ్లూ అంతే. నీళ్లు చల్లబడితే గుండె, జీర్ణం, రోగాన్ని ఎదుర్కొనే శక్తి అన్నీ నెమ్మదిస్తాయి. మీరు చెప్పిన ఉబ్బిన పొట్ట కూడా దీనివల్లే అయ్యుండొచ్చు. 26లో అరిగినంత మేత 20లో అరగదు. కాబట్టి ఈరోజు, రేపు మేత వేయకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప రెండు రోజులు తినకపోతే ఏమీ కాదు.

అంకెలు నేను ఇలా గుర్తుపెట్టుకుంటాను. 24 నుంచి 28 వరకు మంచిది. గురి 26 మీద పెట్టుకోవాలి, ఫారెన్‌హీట్‌లో అయితే దాదాపు 79. 24 కంటే కిందికి పోతే చురుకు తగ్గుతుంది. 20, 21 దగ్గర రోజుల తరబడి ఉంటే ఇప్పుడు మీరు చూస్తున్నదే జరుగుతుంది, ఆ వెనకే జబ్బులు వస్తాయి. 18 కంటే తగ్గితే ప్రాణానికే ముప్పు. పైవైపు 29, 30 కొద్ది రోజులు తట్టుకుంటుంది గానీ నెలల తరబడి అలా ఉంచితే ఒంట్లో పనులన్నీ వేగంగా జరిగి త్వరగా ముసలిదవుతుంది. 32 దాటితే కంగారు పడాల్సిందే.

ఇప్పుడు చేయాల్సింది: హీటర్ తెచ్చి, గంటకు ఒక డిగ్రీకి మించకుండా, రోజుకు మూడు నాలుగు డిగ్రీలకు మించకుండా పెంచండి. 20 నుంచి 26కి రావడానికి రెండు రోజులు తీసుకోండి. చలిలో ఇన్నాళ్లు ఉన్నవాడికి ఇంకో రోజు ఆలస్యమైతే నష్టం లేదు. గంటలో ఆరు డిగ్రీలు ఎగబాకితే మాత్రం నష్టమే.

గాలిబుడగ | బుధవారం, ఉదయం 10:30

అందరూ హీటర్ హీటర్ అంటారు గానీ, నాకు నిజంగా ఒక సందేహం ఉంది. నా బెట్టా ఏడాదిన్నరగా నాలుగు లీటర్ల గాజు గిన్నెలో ఉంది, హీటర్ లేదు. బతికే ఉంది కదా. థాయ్‌లాండ్‌లో ఈ చేపలు వరి మడుల్లో, లోతులేని చిత్తడి నీళ్లలో ఉంటాయి. అక్కడ పగలు నీళ్లు కాగిపోతాయి, రాత్రి చల్లబడతాయి. ప్రకృతిలో ఎవరు హీటర్ పెట్టారు? దాన్ని మనమే సుకుమారంగా చేస్తున్నామేమో.

నాచుమొక్క | బుధవారం, మధ్యాహ్నం 12:15

గాలిబుడగ గారూ, మంచి ప్రశ్న. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

మడిలో నీళ్లు మారతాయి, నిజమే. కానీ అక్కడ చేపకు తప్పించుకునే చోటు ఉంటుంది. పైన కాగుతుంటే గట్టు నీడకో, మొక్కల మధ్యకో, మడి పక్క కాలువలో లోతుకో పోతుంది. తనకు నచ్చిన వేడిని తనే వెతుక్కుంటుంది. గాజు గిన్నెలో పైనా కిందా ఒకటే వేడి. ఎక్కడికి పోతుంది? పైగా ఆ చేప పుట్టిన చోటు ఉష్ణమండలపు లోతట్టు ప్రాంతం. అక్కడ ఒక చల్లటి రాత్రి రావచ్చు, కానీ నీళ్లు వారాల తరబడి 19, 20 దగ్గర ఉండిపోవు.

రెండోది, నాలుగు లీటర్లు చాలా తక్కువ నీళ్లు. నీళ్లు ఎంత ఎక్కువ ఉంటే వేడి అంత నెమ్మదిగా మారుతుంది. గదిలో తలుపు తీసినా, ఫ్యాన్ వేసినా గిన్నెలో తేడా వెంటనే వస్తుంది. నా దృష్టిలో ఎప్పుడూ 25 దగ్గర నిలకడగా ఉండే నీళ్లు, పగలు 28, రాత్రి 22 మధ్య ఊగే నీళ్లకంటే ఎంతో మేలు. సగటు రెండింటిలోనూ ఒకటే, కానీ చేప బతికేది సగటులో కాదు కదా.

"బతికే ఉంది" అన్నారు. బెట్టా గట్టి ప్రాణి. నీళ్లలో ఆక్సిజన్ లేకపోయినా పైకి వచ్చి గాలి పీలుస్తుంది, అందుకే వేరే చేపలు చచ్చిపోయే చోట కూడా ఇది ఈదుతూ ఉంటుంది. ఆ గట్టితనమే దీనికి శాపమైంది. కష్టంలో ఉందని మనకు తెలిసేసరికి చాలా ఆలస్యమవుతుంది. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. ఒక్క వారం తెల్లవారుజామున కొలిచి చూడండి, అంతే అడుగుతున్నాను.

గాలిబుడగ | బుధవారం, మధ్యాహ్నం 12:40

సరే అండి. థర్మామీటర్ తెచ్చి వారం రోజులు రాసిపెడతాను.

నీటిచుక్క | బుధవారం, సాయంత్రం 5:20

హీటర్ తేవడానికి వెళ్లాను. 25 వాట్లది, 50 వాట్లది, 100 వాట్లది ఉన్నాయి. 100ది తీసుకుంటే త్వరగా వేడెక్కుతుంది, ఎప్పటికైనా పెద్ద తొట్టికి పనికొస్తుంది అన్నారు. తేల్చుకోలేక ఏదీ తీసుకోకుండా వచ్చేశాను. ఏది కొనాలి?

రెండుతొట్లు | బుధవారం, సాయంత్రం 5:45

దయచేసి 100 వాట్లది తీసుకోకండి.

మూడేళ్ల క్రితం నేను సరిగ్గా అదే చేశాను. పెద్ద తొట్టి కొంటానన్న ఆలోచనతో 18 లీటర్ల తొట్టిలో 100 వాట్ల హీటర్ పెట్టాను. ఏడు నెలలు బాగా పనిచేసింది. ఒకరోజు పొద్దున బయటికి వెళ్లి మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి తొట్టి అద్దం ఆవిరి పట్టి ఉంది. థర్మామీటర్ 37. హీటర్ లోపల ఆపి వేసే మీట అతుక్కుపోయి, కరెంటు ఆగకుండా వెళ్తూనే ఉంది. ఎర్ర రెక్కల చేప, నా దగ్గర రెండేళ్లు పెరిగినవాడు, నీటి పైభాగాన పక్కకు ఒరిగి ఉన్నాడు. అప్పటికే పోయాడు. ఇప్పటికీ ఆ ఆవిరి పట్టిన అద్దం కళ్ల ముందు మెదులుతుంది.

తర్వాత లెక్క వేసుకున్నాను. లీటరు నీళ్లను ఒక డిగ్రీ పెంచడానికి దాదాపు 4,200 జౌల్స్ కావాలి. 20 లీటర్లకు 84,000. 100 వాట్ల హీటర్ సెకనుకు 100 జౌల్స్ ఇస్తుంది, అంటే 840 సెకన్లలో, 14 నిమిషాల్లో ఒక డిగ్రీ పెరుగుతుంది. 26 నుంచి 34కి పోవడానికి రెండు గంటలు కూడా పట్టదు. అదే 25 వాట్లది అయితే డిగ్రీకి 56 నిమిషాలు. పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ బయటికి పోయే వేడి కూడా పెరుగుతుంది కాబట్టి, చిన్న హీటర్ అతుక్కుపోయినా చాలాసార్లు ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. మీకు చూసుకునే సమయం దొరుకుతుంది.

అందుకే లీటరుకు ఒక వాటు చొప్పున, అంతకు మించకుండా చూసుకోండి. గది బాగా చల్లగా ఉంటే కొంచెం ఎక్కువ.

పాతకాపు | బుధవారం, సాయంత్రం 6:30

రెండుతొట్లు గారు చెప్పిన లెక్కతో నేనూ ఏకీభవిస్తాను. నీటిచుక్క గారి గది తెల్లవారుజామున 19 దాకా చల్లబడుతున్నట్టుంది, నీళ్లు 26 ఉండాలి, తేడా ఏడు డిగ్రీలు. మూత ఉన్న తొట్టికి 25 వాట్లు సరిపోతుంది. మూత లేకపోతే 50 వాట్లది తీసుకుని, దానితోపాటు బయట పెట్టే కంట్రోలర్ తీసుకోండి. కంట్రోలర్ అంటే వేరే తీగతో నీళ్ల వేడి చూస్తూ, గీత దాటగానే హీటర్‌కు కరెంటే ఆపేసే పెట్టె. హీటర్ లోపలి మీట అతుక్కుపోయినా అది కాపాడుతుంది. హీటర్‌ను 26.5కి, కంట్రోలర్‌ను 27.5కి పెడితే ఒకదానికొకటి కాపలా ఉంటాయి.

హీటర్‌ను ఫిల్టర్ నీళ్లు కదిలే చోట పెట్టండి, థర్మామీటర్‌ను దానికి ఎదురు మూలలో. రెండూ పక్కపక్కనే పెడితే హీటర్ చుట్టూ ఉన్న వెచ్చదనమే కనిపిస్తుంది, తొట్టి మొత్తం సంగతి తెలియదు. హీటర్ దాని మీద గీసిన గీత దాకా మునిగి ఉండాలి. నీళ్లలో పెట్టాక 15 నిమిషాలు ఆగి ప్లగ్ పెట్టండి. నీళ్లు మార్చేటప్పుడు ముందే ప్లగ్ తీసి, అది చల్లారేదాకా ఆగండి. వేడిగా ఉన్న గాజు నీళ్లు తగ్గి గాలి తగిలితే పగులుతుంది. పగిలిన హీటర్ ఉన్న తొట్టిలో చేయి పెట్టడం ప్రాణాపాయం. తీగ ప్లగ్ కంటే కిందికి ఒకసారి వంగి మళ్లీ పైకి వెళ్లేలా వదలండి, తీగ వెంట జారిన నీటి బొట్టు సాకెట్లోకి పోకుండా కిందనే రాలిపోతుంది.

హీటర్ మీద ఉన్న అంకెల్ని నమ్మకండి. 26కి తిప్పితే 24 రావచ్చు, 28 రావచ్చు. థర్మామీటర్ చెప్పేదాన్ని బట్టి తిప్పుకోవాలి.

బుడగలగూడు | బుధవారం, రాత్రి 8:00

అక్కా, ఆదివారం పావు వంతు నీళ్లు మార్చానన్నారు కదా. ఆ కొత్త నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో చూశారా?

కుళాయి నీళ్లు 16 డిగ్రీలు ఉన్నాయనుకోండి. తొట్టిలో 15 లీటర్లు 24 ఉన్నాయి, 5 లీటర్లు 16 పోశారు. కలిపితే 22. రెండు డిగ్రీలు ఒక్క నిమిషంలో పడిపోయాయి. అది కూడా మొత్తం కలిశాక వచ్చే అంకె. పోసేటప్పుడు ఆ ధార కింద ఉన్న చేపకు తగిలేది 16 డిగ్రీల నీళ్లే. నేను బకెట్లో నీళ్లు పట్టి, క్లోరిన్ పోగొట్టే మందు వేసి, కొంచెం వేడి నీళ్లు కలిపి, అదే థర్మామీటర్‌తో తొట్టి వేడికి ఒక డిగ్రీ లోపు వచ్చేదాకా చూసి అప్పుడే పోస్తాను. ధారగా కాకుండా గ్లాసుతో నెమ్మదిగా. ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

నీటిచుక్క | బుధవారం, రాత్రి 8:25

లేదు తమ్ముడూ, అస్సలు చూడలేదు. కుళాయి కింద పట్టి మందు వేసి పోసేశాను. ఇప్పుడు కొలిస్తే కుళాయి నీళ్లు 17 ఉన్నాయి. ఆదివారం పోసినప్పుడు వాడు ఒక్కసారిగా మూలకి దూసుకెళ్లాడు. ఆడుకుంటున్నాడనుకున్నాను.

25 వాట్ల హీటర్ తెచ్చాను. మూత కూడా ఉంది. ఇప్పుడు నీళ్లు 21.5. 22కి పెట్టి ప్లగ్ పెట్టాను. రేపు పొద్దున 24కి, రాత్రికి ఇంకొంచెం పెంచుతాను. రాత్రంతా అలారం పెట్టుకుని చూస్తాను.

పాతకాపు | బుధవారం, రాత్రి 8:40

రాత్రంతా మేలుకోకండి. పన్నెండింటికి ఒకసారి, పొద్దున ఒకసారి చాలు. 25 వాట్లది తెల్లారేలోపు తొట్టిని ఉడికించలేదు.

కొత్తట్యాంకు | గురువారం, ఉదయం 11:10

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, నాదీ వేడి గురించే. నా బెట్టా ఒంటి మీద తెల్లగా ఏదో వచ్చింది. నీళ్లను 30కి పెంచితే తగ్గుతుందని ఎక్కడో చదివాను. ఇప్పుడు 26 ఉంది. పెంచనా?

నాచుమొక్క | గురువారం, ఉదయం 11:30

ఆగండి! ముందు అది ఎలా ఉందో చెప్పండి. ఉప్పు చల్లినట్టు విడివిడి చుక్కలా, లేక దూది అంటుకున్నట్టు మచ్చలా?

కొత్తట్యాంకు | గురువారం, ఉదయం 11:45

చుక్కలు కావు. నోటి చుట్టూ దూదిలా ఉంది. వీపు మీద జీను వేసినట్టు బూడిద రంగు మచ్చ ఉంది.

నాచుమొక్క | గురువారం, మధ్యాహ్నం 12:05

అయితే వేడి పెంచకండి. మీరు చదివింది తెల్ల చుక్కల జబ్బు గురించి. అది ఒక పరాన్నజీవి వల్ల వస్తుంది. వేడి పెరిగితే దాని జీవితచక్రం త్వరగా తిరుగుతుంది, చర్మం వదిలి నీళ్లలో ఈదే దశకు త్వరగా వస్తుంది. మందు పనిచేసేది ఆ దశలోనే. అందుకే 29, 30కి నెమ్మదిగా పెంచి, గాలి బుడగలు ఎక్కువ పెట్టి వైద్యం చేస్తారు. చుక్కలు కనిపించకుండా పోయాక కూడా కొన్ని రోజులు ఆపకూడదు.

మీరు చెప్పిన దూది, జీను మచ్చ కాలమ్నారిస్ లక్షణాలు. ఫంగస్‌లా కనిపిస్తుంది గానీ అది బ్యాక్టీరియా. వేడి నీళ్లలో అది ఇంకా వేగంగా పెరుగుతుంది. 30కి పెంచితే చేపకు సాయం చేసినట్టు కాదు, బ్యాక్టీరియాకు చేసినట్టు. వీలైతే 24 దగ్గరికి నెమ్మదిగా దించి, వేరే చిన్న తొట్టిలోకి మార్చి, బ్యాక్టీరియాకు వాడే మందు చేపల డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి. ఆలస్యం చేయకండి, ముదిరిన రకం ఒకటి రెండు రోజుల్లోనే తీసుకెళ్లిపోతుంది.

కొత్తట్యాంకు | గురువారం, మధ్యాహ్నం 12:10

ఇప్పుడే బయలుదేరుతున్నాను. చాలా థాంక్స్.

గాజుగోడ | గురువారం, సాయంత్రం 4:30

చలి గురించి అందరూ మాట్లాడారు, నా బాధ దానికి పూర్తిగా వ్యతిరేకం. ఎండాకాలంలో మా గదిలో తొట్టి మధ్యాహ్నానికి 32 దాటిపోతుంది. గతేడాది ఐసు ముక్కలు వేశాను. చేప ఇంకా నీరసించింది. ఈసారి ఏం చేయాలి?

రెండుతొట్లు | గురువారం, సాయంత్రం 5:15

ఐసు వద్దండి. ముక్క కరిగే చోట పది డిగ్రీలు, అంగుళం పక్కన ముప్ఫై. అరగంటకి మళ్లీ వేడెక్కుతుంది. మీ చేప ఆ ఎగుడుదిగుడుకే నీరసించి ఉంటుంది.

నేను చేసేది చెబుతాను. మూత తీసి వల బిగిస్తాను, లేకపోతే బెట్టా దూకుతుంది. చిన్న ఫ్యాన్ నీటి పైభాగం మీదుగా వీచేలా పెడతాను. నీళ్లు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతాయి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువ ఉన్న రోజు అంత తగ్గదు. నీటి మట్టం రోజూ పడిపోతుంది, దాన్ని అదే వేడి ఉన్న నీళ్లతో నింపుకోవాలి. తొట్టి లైటు ఉదయం, సాయంత్రం మాత్రమే వేస్తాను, లైటు కూడా వేడే. తొట్టిని కిటికీ దగ్గర నుంచి లోపలి గోడ పక్కకి మార్చడంతోనే నాకు సగం సమస్య తీరింది.

ఎండాకాలంలో రెండు విషయాలు ఎక్కువ పట్టించుకోవాలి. ఒకటి ఆక్సిజన్. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీల నీళ్లు 7.5 దగ్గరే. వేడికి చేపకు కావాల్సింది పెరుగుతుంది, దొరికేది తగ్గుతుంది. బెట్టా పైకి వచ్చి పీల్చుకుంటుంది గానీ ఫిల్టర్ స్పాంజ్‌లో ఉండి అమోనియాను తగ్గించే మంచి బ్యాక్టీరియాకు ఆ సౌకర్యం లేదు. రెండోది అమోనియా. అది నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో విషమైనది వేడితో పెరుగుతుంది. పీహెచ్ 8 ఉన్న నీళ్లలో 20 డిగ్రీల దగ్గర మొత్తంలో 4 శాతం లోపు ఉండేది, 30 దగ్గర 7 శాతం దాటుతుంది. అంటే టెస్టులో అంకె అదే అయినా హాని దాదాపు రెట్టింపు. ఎండాకాలంలో మేత కొంచెం తగ్గించి, అడుగున చెత్త ఎక్కువసార్లు తీయండి.

బుడగలగూడు | గురువారం, సాయంత్రం 6:00

మూత గురించి ఒక్క మాట. చలికాలంలో మాత్రం మూత తప్పకుండా ఉండాలి. బెట్టా పీల్చేది నీటి పైనున్న గాలిని. నీళ్లు 26 ఉండి, పైన గాలి 18 ఉంటే ప్రతి గుటకా చల్లగాలే. మూత ఉంటే నీటికీ మూతకీ మధ్య వెచ్చటి తేమ గాలి నిలుస్తుంది. ఆ మధ్య రెండు మూడు అంగుళాలు ఖాళీ వదలండి, మూత దాకా నీళ్లు నింపితే పీల్చడానికి చోటే ఉండదు.

పిల్లల్ని పెంచేటప్పుడు ఇది ఇంకా ముఖ్యం. గాలి పీల్చే అవయవం వాటిలో పుట్టిన కొన్ని వారాలకు ఏర్పడుతుంది. ఆ రోజుల్లో మూత తీసి ఉంచి నేను ఒక జట్టులో సగానికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాను.

నీటిచుక్క | గురువారం, రాత్రి 9:30

ఈరోజు పొద్దున 22, ఇప్పుడు 24.5. మధ్యాహ్నం నుంచి అడుగున పడుకోవడం మానేసి మొక్క ఆకు మీద ఆనుకుంటున్నాడు. ఇంకా మేత వేయలేదు.

ఇంకో భయం పట్టుకుంది. కరెంటు పోతే?

పాతకాపు | గురువారం, రాత్రి 10:00

రెండు మూడు గంటలు పోతే ఏమీ కాదు. 20 లీటర్లు అంత త్వరగా చల్లబడవు, గంటకు డిగ్రీ కూడా పడకపోవచ్చు. ఎక్కువసేపు పోతే తొట్టి చుట్టూ, కింద దుప్పటి చుట్టండి, పైన గాలి ఆడేలా కొంచెం సందు వదలండి. ఇంకా పడిపోతుంటే సీసాలో వేడి నీళ్లు పోసి బిరడా బిగించి తొట్టిలో తేలేలా పెట్టండి. మరిగే నీళ్లు కాదు, చేయి పట్టగలిగేంత. చల్లారాక మార్చండి. మేత వేయకండి. కరెంటు వచ్చాక కూడా ఒక్కసారిగా పైకి లాగకండి, మీ హీటర్ చిన్నదే కాబట్టి దానంతటదే నెమ్మదిగా తెస్తుంది.

కొత్తట్యాంకు | ఆదివారం, సాయంత్రం 6:20

డాక్టర్ కూడా కాలమ్నారిస్ అనే చెప్పారు. మందు మొదలుపెట్టి నాలుగో రోజు. నీళ్లు 24 దగ్గర ఉంచాను. నోటి దగ్గర దూది తగ్గింది, వీపు మచ్చ పెరగడం ఆగింది. నాచుమొక్క గారూ, ఆ రోజు మీరు ఆపకపోతే 30కి తిప్పేసేవాణ్ని.

నీటిచుక్క | సోమవారం, ఉదయం 7:00

వారమైంది కదా, రాస్తున్నాను. శుక్రవారం నుంచి నీళ్లు 26 దగ్గరే ఉన్నాయి, తెల్లవారుజామున 25.5 కంటే తగ్గలేదు. శనివారం పొట్ట తగ్గింది. నిన్న రెండు గింజలు వేస్తే రెండూ తిన్నాడు, ఇంకా కావాలని అద్దం దగ్గర తిరిగాడు. వేయలేదు. రంగు పూర్తిగా రాలేదు గానీ తోక అంచున నీలం మళ్లీ కనిపిస్తోంది. ఆ పట్టీ పీకేశాను.

గాలిబుడగ | బుధవారం, రాత్రి 9:00

మాట ప్రకారం వారం రోజులు కొలిచాను. తెల్లవారుజామున: 20, 20, 19, 21, 20, 19, 20. మధ్యాహ్నాలు 25, 26. రోజూ ఐదారు డిగ్రీల ఊగిసలాట. ఏడాదిన్నరగా వాడి స్వభావమే మెల్లగా ఉండటం అనుకున్నాను.

20 లీటర్ల తొట్టి, స్పాంజ్ ఫిల్టర్, 25 వాట్ల హీటర్ తెచ్చాను. వీటన్నిటినీ 26కి పెట్టి వాణ్ని నేరుగా అందులోకి వదలొచ్చా?

పాతకాపు | బుధవారం, రాత్రి 9:25

వద్దు. మీ గిన్నె నీళ్లు ఎంత ఉంటే కొత్త తొట్టి కూడా ముందు అంతే ఉంచండి. మధ్యాహ్నం మార్చండి, అప్పుడు గిన్నె కాస్త వెచ్చగా ఉంటుంది. చేపను కప్పులోకి తీసి, ఆ కప్పును కొత్త తొట్టిలో 20 నిమిషాలు తేలనిచ్చి, మధ్య మధ్య కొత్త నీళ్లు కొంచెం కొంచెం కలుపుతూ వదలండి. ఆ రాత్రి నుంచి హీటర్‌తో రోజుకు ఒకటి రెండు డిగ్రీలు పైకి తీసుకెళ్లండి.

కొత్త ఫిల్టర్‌లో బ్యాక్టీరియా ఇంకా ఉండదు కాబట్టి మొదటి నెల మేత తక్కువ వేసి, రోజు విడిచి రోజు అమోనియా చూడండి. కనిపిస్తే నీళ్లు మార్చండి, అదే వేడి ఉన్న నీళ్లతో.

నీటిచుక్క | బుధవారం, రాత్రి 9:40

గాలిబుడగ గారూ, నా ఫిల్టర్ స్పాంజ్ ఐదు నెలలది, నా తొట్టిలో ఏ జబ్బూ రాలేదు. దాన్ని మీ కొత్త తొట్టిలో పిండితే బ్యాక్టీరియా త్వరగా పడుతుందంటారు. మీకు దగ్గరలో ఇలా పాత తొట్టి ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే అడగండి.

గాలిబుడగ | గురువారం, మధ్యాహ్నం 2:15

పక్కింటివాళ్ల తొట్టి నుంచి స్పాంజ్ నీళ్లు తెచ్చి పోశాను. వాళ్ల చేపలన్నీ బాగున్నాయని చూసుకునే తెచ్చాను. గిన్నె 24.5, తొట్టి 24. చేప ఇప్పుడు కప్పులో తేలుతోంది, ఇంకో పన్నెండు నిమిషాలు ఉంది.